ఏడుపు మాన్పించిన బడి

ఒక పెద్ద అడవిలో ఏడవని పసివాళ్ళకే గౌరవమని పెద్దల సభ తీర్మానించింది. వెంటనే నక్క జంబుకేశ్వరి ఒక బడి తెరచి, దానికి ‘భావనిగ్రహ విద్యాలయం’ అని నామకరణం చేసింది.

కొండముచ్చు తిలోత్తమకు ఒక్కగానొక్క కొడుకు పండు. వాడు తల్లి పొట్టను కరచుకొని క్షణమైనా వదిలేవాడు కాడు. వాడికి ఆ బడిలో చోటు దొరకకపోతే గుంపులో తలెత్తుకోలేనని ఆమె బెంగ.

“ఏమమ్మా, మీవాడు ఇంకా ఒడి దిగలేదా?” అని జంబుకేశ్వరి ముక్కు ఎగబీల్చింది. “ఎవరు పిలిచినా నవ్వుతూ పోవాలి. వికాసమంటే అదీ!”

“వీడింకా పాలు మానలేదండీ!”

“తోడేలుగారి అబ్బాయికి కళ్ళు తెరవకముందే వికాసం వచ్చేసింది.”

తిలోత్తమ ఆనాటినుండి పండు చేతులు చాచినప్పుడల్లా మొగం తిప్పుకొన్నది. ఏడిస్తే వేరే కొమ్మకు పోయింది. వాడు మొదట గుక్కపట్టాడు; తరువాత వెక్కాడు; ఆపైన మానేశాడు. పరీక్షనాడు నక్క ఒడిలో బొమ్మలా కూర్చున్న కొడుకును చూచి ఆమె తోక గర్వంతో నిలువునా లేచింది.

ఎలుగుబంటి పిల్ల మాత్రం “అమ్మా!” అని రాగం తీసి తప్పింది. జంబుకేశ్వరి దానిని పుట్టచాటున నిలబెట్టి, తల్లిని ఆవరణ బయటికి పంపింది.

“ఏం పెంపకమో!” అని తిలోత్తమ నిట్టూర్చింది.

బహుమతుల వేళ పొదలోంచి చిరుత దూకింది. తిలోత్తమ అలవాటు చొప్పున చెట్టెక్కి పొట్ట తడుముకొన్నది. పండు లేడు!

కింద వాడు చిరుతకు నమస్కారం పెడుతున్నాడు.

“ఒరే నాయనా, ఏడవరా! నా దగ్గరికి రారా!”

వాడు నవ్వాడు.

“ఎంత బుద్ధిమంతుడు!” అని చిరుత నోరు తెరిచింది. ఇంతలో పుట్టచాటు పిల్ల ఆకాశం చిల్లుపడేలా ఏడ్చింది. ఎలుగుతల్లి కంప విరుచుకొని వచ్చి చిరుత మూతిమీద ఒక్కటిచ్చింది. చిరుత కాలికి బుద్ధి చెప్పింది.

తిలోత్తమ దిగివచ్చి కొడుకును పొట్టకు అదుముకొన్నది. వాడి చేతులు పట్టు మరచి వేలాడాయి.

“పంతులమ్మగారూ! వీడికి ఏడవడం ఎలా నేర్పను?”

బొరియలోంచి బయటికి వచ్చిన జంబుకేశ్వరి ఒంటిమీది దుమ్ము దులుపుకొన్నది. “రేపే కొత్త తరగతి, తల్లీ! మీవాడికి ముందు వరుసలో చోటు ఉంచాను.”

తిలోత్తమ కన్నీళ్ళతో చేతులు జోడించింది.

నీతి: ఏడుపు నేర్పే బడికి గిరాకీ రావాలంటే, ముందుగా ఏడుపు మాన్పించే బడి పెట్టవలెను.