కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చిందహో!

ఏడాదికో కొత్త ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్క్ పుట్టడం మానవాళికి జరుగుతున్న మహోపకారం! కాదనేవాళ్లు మా బెల్లంపల్లికి రండి, తేల్చుకుందాం.

ఫ్రంటెండ్ అంటే ఏమిటోనని కంగారుపడకండి. వెబ్‌సైట్‌లో మన కంటికి కనబడే బొమ్మలు, రంగులు, ఎంత నొక్కినా పలకని బటన్లు, అవన్నీ అదే. వాటిని గబగబా తయారుచేయడానికి దొరికే రెడీమేడ్ సామానే ఫ్రేమ్‌వర్క్. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన నాకు ఈ జ్ఞానం ఎలా అబ్బిందంటారా? అంతా మా అమ్మాయి లిడియా పుణ్యం.

లిడియా ముందు యాంగులర్ అనే ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంది. కరీంనగర్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే రియాక్ట్ కావాలన్నారు. అది నేర్చుకుని వెళ్తే వ్యూ అన్నారు. అదీ నేర్చేసరికి స్వెల్ట్ అన్నారు. ఎంత మేలో చూశారా! మా కాలంలో చదువు ఒకసారితో అయిపోయేది, ఆ తర్వాత బుర్ర తుప్పు పట్టేది. మా పిల్లకు ఆ ప్రమాదం లేనే లేదు. "పిల్ల ఏం జేస్తుంది?" అని చుట్టాలు అడిగితే నేనూ ఏటా కొత్త జవాబు చెప్పగలుగుతున్నాను.

అసలు ఒక ఫ్రేమ్‌వర్క్ అంతలా ఎందుకు ఆడుతుంది, ఇంకొకటి ఎందుకు మూలనపడుతుంది? పరిశోధనకు దిగాను. కోచింగ్ సెంటర్ నడిపే నిరంజన్ సార్‌ను పట్టుకున్నాను.

"సార్, గిదే ఎందుకు నేర్పుతున్నరు? గంత మంచిదా?"

"మంచిదా కాదా మనకెందుకు అంకుల్? కంపెనీలు గదే అడుగుతున్నయ్."

కంపెనీలో ఉద్యోగాలిచ్చే మమతారాణి మేడం దగ్గరికి వెళ్లాను. గిదే ఎందుకు అడుగుతున్నరని ఆమెనూ అడిగాను.

"కోచింగ్ సెంటర్లన్నీ గదే నేర్పుతున్నయ్ గదండీ! వేరేది అడిగితే మనుషులు దొర్కరు."

ఆహా, ఎంత చక్కటి శాస్త్రం! ఆయన ఆమెను నమ్మాడు, ఆమె ఆయన్ను నమ్మింది. అసలు సరుకు ఎలాంటిదో చూసే శ్రమ ఇద్దరికీ తప్పింది. మరి మధ్యమధ్యలో ఎందుకు మారుతుందంటారా? హైదరాబాద్‌లో ఎవరో మార్చారని ఎవరో వచ్చి చెబుతారు, అంతే!

మొన్న మా చర్చిలో కోత పండుగ జరిగింది. పంటలు, కూరగాయలు, కోళ్లు దేవుడికి కానుకగా తెచ్చి, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. ఓ గుమ్మడికాయకు కుమార్ చెయ్యెత్తాడు. అతనెత్తాడని వెస్లీ ఎత్తాడు. ఆ కాయ చివరికి మేకపోతు ధర పలికింది! తీరా చూస్తే ఇద్దరి ఇళ్లలోనూ గుమ్మడికాయ తినేవాళ్లే లేరు.

"మరెందుకు పాడినవ్ రా?" అన్నాను.

"కుమార్ పాడిండు గదా, అబ్రహాం మామా!" అన్నాడు వెస్లీ.

ఆ పక్కనే లచ్చవ్వ తెచ్చిన లేత బీరకాయల గంప ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. ముసలామె కొంగు నలుపుకుంటూ నిలబడింది. లిడియా నా చొక్కా లాగింది.

"బాపూ, మంచిగనే ఉన్నయ్ గదా. ఎవ్వలు అడుగుతలేరేంది?"

నాకు దుఃఖం ఆగలేదు. వెంటనే చెయ్యెత్తాను. గంప మా ఇంటికొచ్చింది.

బీరకాయలు ఆ వారమే వండుకు తిన్నాం. లిడియా మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంది. కంపెనీల బాబులూ, మీలో ఒక్కరు ముందు చెయ్యెత్తండయ్యా! పిల్లకు పని వచ్చో రాదో చూసే శ్రమ కూడా వద్దు, మిమ్మల్ని చూసి మిగతావాళ్లు వాళ్లే ఎత్తుతారు.