గడ్డం దించిన బుచ్చన్న

గోదావరిఖనిలో ఆ ఉదయం సమ్మవ్వ పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు డాక్టరు వచ్చేలోపు భర్త బుచ్చన్నకు గిన్నెడు జావ దగ్గు రాకుండా తినిపించాలి. అంతే.

ఇరవై ఏళ్ళు గనిలో బొగ్గు నింపిన బుచ్చన్నకు నెల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది, గొంతు మింగడం మరిచిపోయింది. పలచటి నీళ్ళు తాగితే అవి కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు హెచ్చరించాడు. చిక్కటి జావే పెట్టాలి. గడ్డం ఛాతీకి ఆనించి, చెంచాకు రెండుసార్లు మింగాలి. తింటున్నంతసేపు బుచ్చన్న మాట్లాడకూడదు, అతణ్ణి ఎవరూ పలకరించకూడదు. ఇవాళ సరిగా తింటే ఇంట్లోనే ఉండనిస్తాడు, లేదంటే వరంగల్ పంపి ముక్కులోంచి గొట్టం వేయిస్తాడు. అలా గొట్టం కోసం వెళ్ళిన వెనక లైను క్వార్టర్ల ఆగయ్య శవమై తిరిగొచ్చాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి సమ్మవ్వకు కంటిమీద కునుకు లేదు.

ఏడింటికి బుచ్చన్నను గోడకు ఆనించి కూర్చోబెట్టి మొదలుపెట్టింది. "దించు. మింగు. ఇంగోసారి మింగు."

అప్పుడే పక్కింటి అనసూర్య చింతపండు కోసం వచ్చింది. "ఎట్లున్నవ్ అన్నా?" అంది.

బుచ్చన్న పలకలేదు. తల ఛాతీ మీద వాలి ఉంది. పలకరిస్తే పలకకపోవడం ఆ క్వార్టర్లలో బతికున్నవాళ్ళు చేసే పని కాదు. సమ్మవ్వ మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఊపింది. చేతిలో చెంచా, వాలిన తల, ఊగే చెయ్యి చూసిన అనసూర్యకు ఇక లాభం లేదని అర్థమైంది. నోట్లో కొంగు కుక్కుకుని పరుగెత్తింది. మళ్ళీ ఎవరైనా వచ్చి పలకరిస్తారని సమ్మవ్వ తలుపు గడియ పెట్టింది.

"బుచ్చన్న పానం పోతున్నదే! అక్క ఆఖరి నీళ్ళు పోస్తున్నది!" అని నీళ్ళు పట్టుకునే నల్లా దగ్గర అనసూర్య గొల్లుమంది.

"తలుపు ఎందుకు మూసింది మరి?" అంది బిందె పట్టుకున్న ఒకామె.

"ఇంగెందుకు మూస్తది? అయిపోవచ్చింది!"

గనిలో నైట్ షిఫ్టు దిగి వస్తున్న అదే లైను కార్మికుడు మొగిలి ఆ మాట విని, నిద్ర సంగతి మరిచి, కమాన్‌పూర్ దాకా సైకిలు తొక్కి బుచ్చన్న అన్న రాజాన్ని ఎక్కించుకొచ్చాడు. సొంత రక్తం చేతి నీళ్ళు పడనిదే ప్రాణం సుఖంగా పోదని రాజం నమ్మకం. దిగుతూనే చెంబు నిండా నీళ్ళు పట్టి తులసాకులు వేసుకున్నాడు.

తొమ్మిదిన్నరకు గిన్నె ఖాళీ అయింది. ఒక్క దగ్గు లేదు. సమ్మవ్వకు సంతోషంతో కళ్ళనీళ్ళు వచ్చాయి. అలాగే వెళ్ళి తలుపు తీసింది.

వాకిట్లో నలభైమంది ఉన్నారు. ఆమె కళ్ళు చూసి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు.

"ఏమైంది? ఎవరు పోయిండ్రు?" అంది సమ్మవ్వ.

"అయ్యో, మతి పోయింది పిల్లకు," అని ఇద్దరు ముసలవ్వలు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

రాజం లోపలికి దూకాడు. "తమ్మీ!" అంటూ బుచ్చన్న తల పైకెత్తి వెనక్కి వంచాడు. చెంబు చూసి బుచ్చన్న కళ్ళు పెద్దవి చేశాడు. "కండ్లు తేలేస్తున్నడు, జల్ది!" అన్నాడు మొగిలి.

"నీళ్ళు పొయ్యకు బావా! సస్తడు!" సమ్మవ్వ గింజుకుంది.

"సచ్చేటోనికే పోస్తరు బిడ్డా. ఏడ్వు, బరువు దిగుతది," అని అవ్వలు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

రాజం మూడు గుక్కలు పోశాడు. మొగిలి ఒకటి, అనసూర్య ఒకటి, మిగిలినవాళ్ళు తలా ఒకటి పోసి చెంబు ఖాళీ చేశారు. బుచ్చన్న కిక్కురుమనలేదు.

పదింటికి డాక్టరు వచ్చి, నాడి చూసి, మనిషి బతికే ఉన్నాడన్నాడు. వాకిలంతా సంబరం. ఇంతసేపూ ఏడ్చినవాళ్ళే ఒకరినొకరు కావలించుకున్నారు. అవ్వల చేతుల్లోంచి బయటపడిన సమ్మవ్వ, "నీళ్ళు పోసిండ్రు సారూ," అంది.

"చెంబెడు తాగిండు సారూ, ఒక్క దగ్గు లేదు!" అన్నాడు రాజం గొప్పగా.

డాక్టరు బుచ్చన్న ఛాతీ మీద, వీపు మీద చాలాసేపు విన్నాడు. "దగ్గి ఉంటే బాగుండేది," అన్నాడు. "దగ్గితే నీళ్ళు బయటికొచ్చేవి. ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని గొంతుకే తెలియలేదు."

సూదిమందు పడినా సాయంత్రానికి జ్వరం వచ్చింది. నాలుగోరోజు బుచ్చన్న పోయాడు. గొట్టం అవసరం రాలేదు. నెలరోజులు చెంచా చెంచాకు కాపాడుకున్న మనిషిని సమ్మవ్వ చెంబెడు నీళ్ళకు పోగొట్టుకుంది. పోసినవాళ్ళలో ఒక్కరైనా పగవాళ్ళు ఉంటే తిట్టుకునైనా ఊరట పొందేది.

దినం నాడు భోజనాల దగ్గర రాజం, తమ్ముడు తన చేతి నీళ్ళు తాగే పోయాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నిజమే గనక సమ్మవ్వ కాదనలేదు.