ఎంతసేపైనా తీసే కెమెరా

ఆ ఆదివారం పొద్దున తమ్ముడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అక్క పక్కన కుర్చీలో కూర్చోవాలి. అంతే. కూర్చోవడానికి కూడా పథకం కావాలా అని ఎవరికైనా అనిపించవచ్చు గానీ, ఇంట్లో కెమెరా ఉన్నవాడి పాట్లు కెమెరా లేనివాడికి ఎంత విడమరిచి చెప్పినా తలకెక్కవు.

తమ్ముడికి బజారులో కళ్ళద్దాల కొట్టు ఉంది. ఏ చెడ్డ ముహూర్తాన పక్క కొట్టులోకి తొంగి చూశాడో గానీ, అక్కడి మనిషి అతని చేతిలో ఒక హార్డ్ డిస్క్ కెమెరా పెట్టాడు. "టేపుల గొడవే లేదండీ. డిస్క్ లోపలే ఉంటుంది. ఎంతసేపైనా తీసుకోవచ్చు" అన్నాడు. ఆ 'ఎంతసేపైనా' అన్న మాటకే తమ్ముడు మురిసిపోయి కొనేశాడు. టేపు కెమెరా ఉన్నవాడికి "టేపు అయిపోయిందండీ" అని చెప్పి కుర్చీలో కూలబడే హక్కు ఉంటుందన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

అప్పట్నుంచీ చుట్టాల ఇళ్ళలో, స్నేహితుల ఇళ్ళలో ఏం జరిగినా అతను నిలబడే ఉన్నాడు. "నువ్వు తప్పకుండా రావాలి" అని నోరారా పిలిచేవాళ్ళు. తీరా వెళ్తే మొహం వంక చూడకుండా భుజం వంక చూసి "తెచ్చావుగా?" అనేవాళ్ళు. అందరూ తిన్నాక చల్లారిన భోజనం తినేవాడు. కింద పడితే డిస్క్ పోతుందని కొట్టువాడు హెచ్చరించాడు కాబట్టి బస్సుల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తను కుదుపులకు ఎగిరిపడుతూ, దాన్ని మాత్రం కదలకుండా పట్టుకునేవాడు. తీసిందంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇంకో జాగారం. ఇంతా చేసి దాన్ని ఎవరైనా చూస్తారా అంటే, ఎవరికి వాళ్ళు కనబడేదాకా చూసి లేచిపోయేవాళ్ళు.

అలాగని లాభాలు లేవని అతను ఎప్పుడూ అనలేదు. కావలసిన ముక్క వేలు పెడితే వచ్చేస్తుంది, టేపు వెనక్కి తిప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు, మసక వెలుతురులో కూడా మొహాలు తెలుస్తాయి. ఎవరడిగినా ఈ మూడూ చెప్పి, కొనమని మాత్రం చెప్పేవాడు కాదు.

అతన్ని నిజంగా కుంగదీసింది కూతురు అడిగిన ఒక ప్రశ్న. ఒకనాడు పాత వీడియోలు చూస్తూ, "నాన్నా, నా చిన్నప్పుడు నువ్వు ఊళ్ళో ఉండేవాడివి కాదా?" అంది ఆ పిల్ల. ఆ డిస్క్ నిండా ఊరి జనమంతా ఉన్నారు. అతనిది మాత్రం అక్కడక్కడా దగ్గు ఉంది.

ఈ దగ్గు సంగతి ఎలా తెలిసిందో అక్కకు తెలిసింది. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది ఆవిడే. తను పాఠాలు చెప్పే బడిలోనే చేర్పించి, ముక్కు తుడిచి, అక్షరాలు దిద్దించి, కొట్టు పెట్టించి, పెళ్ళి చేసింది. ఇప్పుడు ఆ బడి నుంచి రిటైరవుతోంది. "రేపు ఆ పెట్టె పట్టుకుని నా ఎదురుగా నిలబడ్డావంటే ఊరుకోను. స్టేజీ మీద నా పక్కన కూర్చో. ఇన్నేళ్ళలో నువ్వూ నేనూ కలిసి ఉన్నది ఒక్క ముక్కైనా ఉందా అందులో?" అంది. లేదు. పక్కనే కూర్చుంటానని అతను ఫోనులోనే మాటిచ్చేశాడు.

అలా కెమెరా బావ చేతికి వెళ్ళింది. బావ మంచివాడు, ఓపిక ఉన్నవాడు. ఆయనకున్న లోపమల్లా దగ్గరి వస్తువులు కనబడకపోవడం. ఆయన చదువుకునే అద్దాలు కాడ విరిగి తమ్ముడి కొట్టులోనే పడున్నాయి. "రేపిచ్చేస్తాను బావా" అని తమ్ముడు చాలాకాలంగా అంటూ ఉన్నాడు.

బడి వాకిట్లో తమ్ముడు పాఠం మొదలుపెట్టాడు.

"చూడు బావా, ఈ బొత్తాం నొక్కితే మొదలవుతుంది." నొక్కి చూపించాడు. "మళ్ళీ ఇదే నొక్కితే ఆగుతుంది. ఈ తెర మీద ఎర్ర చుక్క ఉంటే వస్తోందన్నమాట. కనబడుతోందా?"

బావ తెరను ముక్కు దాకా తెచ్చుకుని, చెయ్యి బారు దూరం పెట్టి, తల వంచి చూశాడు. "ఆఁ, ఏదో ఉంది."

"ముందు వైపు దీపం కూడా ఉంటుంది గానీ, అది చూస్తే జనం బిగుసుకుపోతున్నారని నేనే నల్ల టేపు అంటించాను. కుయ్ మనే చప్పుడు కూడా తీసేశాను."

"ఇంకేం, హాయి. నొక్కితే మొదలు, నొక్కితే ఆగు. ఇదీ ఒక విద్యేనా?"

ఈలోగా అక్క లోపల్నుంచి కేకేసింది. తమ్ముడు కెమెరా బావ చేతిలో పెట్టేసి పరుగెత్తాడు. చూపించడానికి నొక్కిన బొత్తాన్ని మళ్ళీ నొక్కడం మరిచిపోయాడు. కెమెరా అప్పటికే తీస్తోంది. అంటే, కార్యక్రమం మొదలైనప్పుడు బావ ఎంతో శ్రద్ధగా బొత్తాం నొక్కి దాన్ని ఆపాడు. అక్కణ్ణుంచి వరస తిరగబడింది. ఆయన తీస్తున్నాననుకున్నంతసేపూ అది నిద్రపోయింది, ఆపాననుకున్నప్పుడల్లా లేచి కూర్చుంది.

మధ్యలో ఒకసారి అంతా సర్దుకోబోయింది కూడా. తమ్ముడి భార్య వెనక వరసలోంచి ముందుకు వంగి "అన్నయ్యగారూ, నొక్కారా?" అని గుసగుసగా అడిగింది. బావకు అనుమానం వచ్చి ఒకసారి నొక్కాడు. దేవుడి దయవల్ల లెక్క సరిపోయింది. అంతలో ఆయనకు పెద్ద తుమ్ము వచ్చింది. ఆ ఊపుకు వేలు మళ్ళీ బొత్తాం మీద పడింది. "నొక్కానమ్మా" అన్నాడు ఆయన ముక్కు తుడుచుకుంటూ.

స్టేజీ మీద తమ్ముడికి ఈ గొడవేమీ తెలియదు. అక్క పక్కన కుర్చీలో, ఇస్త్రీ చొక్కాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బడి కార్యదర్శిగారు అక్క సేవల గురించి లేచిన మనిషి లేచినట్టే ఉండి మాట్లాడుతున్నా అతనికి విసుగు పుట్టలేదు. ఎదురుగా కెమెరా ఉంది, తను దాని ఈవలి వైపు ఉన్నాడు. బావ బొటనవేలు ఎత్తి చూపించాడు. తమ్ముడికి ప్రాణం లేచి వచ్చింది.

సభ అయ్యాక బావ కాలు నేల మీద నిలవలేదు. కనబడినవాళ్ళందరికీ "మొత్తం వచ్చింది. ఒక్క మాట పోలేదు" అని చెప్పుకొచ్చాడు. ఆ మాట కార్యదర్శిగారి చెవిన పడింది. ఆయన భార్య ఒంట్లో బాగాలేక సభకు రాలేదట. "రేపు బడి వదిలాక మీ ఇంటికే వస్తాం. మా ఆవిడ కూడా చూస్తుంది" అన్నాడాయన. ఆయన వస్తున్నాడని డ్రిల్లు మాస్టారు వస్తానన్నారు. ఆయన వస్తున్నారని ఇంకో నలుగురు టీచర్లు బయల్దేరారు. తమ్ముడు మాత్రం ఆ రాత్రి కెమెరా ముట్టుకోకుండా హాయిగా పడుకున్నాడు. కొన్న తర్వాత అంత మంచి నిద్ర అదే మొదటిది.

మర్నాడు అక్క ఇంట్లో హాలు నిండిపోయింది. కార్యదర్శిగారు, ఆయన భార్య సోఫాలో, టీచర్లు కుర్చీల్లో, పిల్లలు నేల మీద సర్దుకున్నారు. తమ్ముడు కెమెరాను టీవీకి తగిలించి, తన భార్య పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్క చెయ్యి పట్టి లాగి కింద కూర్చోబెట్టింది.

టీవీ తెర నిండా అతని మొహమే వచ్చింది. ముక్కు రంధ్రాలతో సహా. "మళ్ళీ ఇదే నొక్కితే ఆగుతుంది" అంటోంది ఆ మొహం. పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత ఆకాశం, తర్వాత నేల, ఆ నేల మీద బావ చెప్పులు. చెప్పులు మెట్లెక్కాయి. హాల్లోకి నడిచాయి. ఎవరినో పలకరించాయి. చాలాసేపు ఊరుకున్నాయి. "ఇప్పుడు మొదలవుతుంది, ఇదిగో నొక్కుతున్నాను" అంది బావ గొంతు. బొమ్మ ఆగిపోయింది.

తర్వాతి బొమ్మలో సీలింగు ఫ్యాను తిరుగుతోంది. దూరంగా చప్పట్లు వినబడుతున్నాయి. దగ్గరగా బావ గొంతు.

"అమ్మయ్య, ముగించాడు మహానుభావుడు. ఇంకాసేపు ఆగితే నేను కూడా రిటైరయ్యేవాణ్ణి."

దాని వెంటే డ్రిల్లు మాస్టారి గొంతు. "ఏటా ఇదే ఉపన్యాసమండీ. రిటైరయ్యేవాళ్ళ పేరొకటి మారుస్తాడు, అంతే."

డ్రిల్లు మాస్టారు గోడ మీది క్యాలెండరును అప్పుడే మొదటిసారి చూసినట్టు చదవసాగారు. బావ రిమోట్ కోసం సోఫా కింద చెయ్యి పెట్టాడు. అది కార్యదర్శిగారి చేతిలో ఉంది. ఆయన ఇవ్వలేదు.

"కానీండి, చూద్దాం" అన్నాడాయన.

చూశారు. బావ మోకాలు వచ్చింది. హాలు గడప వచ్చింది. తుమ్ముకు ముందు ఒక్క క్షణం స్టేజీ మెరిసినట్టే మెరిసి మాయమైంది. తమ్ముడు ముందుకు వంగి చూస్తున్నాడు. అక్క పక్కన తను కూర్చున్నది ఇదిగో వస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటున్నాడు. అది రాలేదు. స్టేజీ దిగిపోతున్న అందరి కాళ్ళూ వచ్చాయి.

"ఒక్కటి కూడా లేదా బావా?" అన్నాడు. ఏడ్చే వయసు కాదు గనక ఊరుకున్నాడు. ఇన్నాళ్ళకు ఒక్కసారి కూర్చుంటే, కూర్చున్నందుకు సాక్ష్యం లేకపోయింది.

"నేను నొక్కుతూనే ఉన్నానోయ్" అన్నాడు బావ దీనంగా.

అప్పుడు తెర మీదికి స్టేజీ వెనకాల గది వచ్చింది. బావ టీ తాగడానికి వెళ్తూ, ఆపాననుకుని, కెమెరాను బల్ల మీద పెట్టిపోయాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, వాటి ముందు ఒక స్టూలు, దాని మీద అక్క. చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. తమ్ముడు గ్లాసుతో నీళ్ళు తెచ్చి నిలబడ్డాడు.

"కూర్చోరా."

"బావ కెమెరా ఎక్కడ పెట్టాడో చూసొస్తా."

"దాని పీడ ఒక్కరోజు వదిలెయ్. కూర్చో." అతను నేల మీదే కూర్చున్నాడు. అక్క అతని కాలరు సరిచేసింది. "చిన్నప్పుడూ ఇంతే. ఒక వైపు లోపలికి, ఒక వైపు బయటికి."

"ఏడుస్తున్నావా అక్కా?"

"కాళ్ళు నొప్పిరా." నీళ్ళ గ్లాసు అందుకుని, "కాళ్ళే కాదులే. రేపు పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో తెలీట్లేదు" అంది.

"కొట్టుకు రా. అద్దాలు ఎప్పుడిస్తావని మీదికొచ్చేవాళ్ళకు జవాబు చెప్పలేక చస్తున్నా. నీ గొంతయితే ఎవరూ ఎదురు మాట్లాడరు."

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అక్క చెయ్యి అతని తల మీద ఉండిపోయింది. అతను ఆమె స్టూలుకు ఆనుకుని, అలిసిపోయిన మనిషి ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు. ఎంతసేపైనా తీసే కెమెరా కాబట్టి ఆ కూర్చోవడమంతా తీస్తూనే ఉంది. హాల్లో ఎవరూ లేచిపోలేదు.

"నాన్నా, ఇందులో నువ్వున్నావు" అంది కూతురు చిన్నగా.

"ఉన్నానే" అన్నాడు తమ్ముడు. అక్క టీవీలో లాగే ఇక్కడ కూడా కొంగు అందుకుంది.

బొమ్మ అయిపోయింది. కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నాడు.

"అంటే, నా ఉపన్యాసం లేదన్నమాట."

"అయ్యా, నేనన్నది మీ గురించి..." అని బావ లేవబోయాడు.

"ఆ సంగతి తర్వాత. ఉపన్యాసం ఉందా, లేదా?"

"లేదండీ."

కార్యదర్శిగారు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. తెరిచేసరికి ఆయన మొహం విప్పారి ఉంది. "దానికేముంది. వచ్చే ఆదివారం హాలు ఖాళీగానే ఉంది. అందర్నీ మళ్ళీ పిలుద్దాం. మాస్టారు చెప్పినట్టు, అవే మాటలు అదే వరసలో మళ్ళీ చెప్పగలను. ఈసారి మాత్రం తమ్ముడుగారే తీయాలి."

అలవాటు కొద్దీ తమ్ముడి తల ఊగబోయింది. అక్క ఆ తలను పట్టుకుని ఆపింది.

"వాడు తీయడండీ. వాడు నా పక్కన కూర్చుంటాడు."

బావ వంక చూసే ధైర్యం ఎవరికీ లేదు. ఇంతసేపూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న కార్యదర్శిగారి భార్య లేచి, టీవీ దగ్గరికి వెళ్ళి, కెమెరా చేతిలోకి తీసుకుంది.

"నేను తీస్తాను. ఆ ఉపన్యాసం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు."

అలా అక్క వచ్చే ఆదివారం రెండోసారి రిటైరు కావడానికి ఒప్పుకుంది.