పొగ రాలేదన్న గోల

పర్యావరణ విభాగం అధికారి ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా ఉక్కు ఫ్యాక్టరీకి చేరుకోవాలి, తనిఖీకి వచ్చే మేడంకి పొగ రాని పొగగొట్టాన్ని చూపించాలి, ఆవిడ చేత సంతకం పెట్టించుకుని సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకోవాలి. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందో ఎంత వెతికినా ఆయనకు కనబడలేదు. కనబడలేదు కాబట్టే రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. రాయిలోంచి ఇనుము తీయడానికి ఆ ఫ్యాక్టరీ ఇన్నేళ్లూ బొగ్గునే నమ్ముకుంది. ఇనుముతోబాటు ఆకాశం నిండా మసినీ, కర్బన వాయువునీ ఉత్పత్తి చేసింది. ఇప్పుడు రైలు పెట్టెలు చేసే పెద్ద కంపెనీ ఒకటి, కర్బనం తగ్గించినట్టు సర్టిఫికెట్ తెస్తేనే మీ ఉక్కు కొంటాం, లేకపోతే మీ దారి మీది, మా దారి మాది అని తేల్చి చెప్పింది. దాంతో కొత్త కొలిమి కట్టారు. అందులో బొగ్గుకు బదులు హైడ్రోజన్ వాయువు వాడతారు. పొగకు బదులు నీటి ఆవిరి వస్తుంది. దాన్ని కూడా బయటికి పోనివ్వకుండా చల్లార్చి నీళ్లు చేసి మళ్లీ వాడుకుంటారు. కాగితం మీద అంతా బాగానే ఉంది. పరీక్షలోనే ఇప్పటికి రెండుసార్లు తప్పారు. మూడోసారీ తప్పితే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, తాళం పడితే గోడ వెనకున్న కాలనీ కాలనీ అంతా మూటాముల్లే సర్దుకోవాలి.

"ఏమయ్యా, ఈసారి సర్టిఫికెట్ చేతిలో పడేదాకా గేటు బయట ఒక్క మాట పొక్కకూడదు. ఇంట్లో కూడా!" అని మేనేజరు ఆయన్ని ముందురోజే హెచ్చరించాడు.

మన అధికారి మాట నిలబెట్టుకునే మనిషి. భార్య కాఫీ ఇస్తూ, "ఏమైందండీ, ముఖం అలా పీక్కుపోయింది?" అని అడిగితే, "ఇప్పుడేం అడగకు. సాయంత్రం తేలిపోతుంది," అన్నాడు.

"ఏం తేలిపోతుంది?"

"మనం ఇక్కడ ఉండేదీ లేనిదీ," అని నోరు జారి, నాలిక్కరుచుకుని, ఇంకేం మాట్లాడితే ఇంకేం బయటపడుతుందోనని కాళ్లకు దొరికిన చెప్పులు తొడుక్కుని పరుగు తీశాడు.

ఆ కంగారులో ఆయన మరిచిపోయినవి బూట్లు. మామూలు బూట్లయితే ఈ కథే ఉండేది కాదు. అవి ముందువైపు ఇనుప రేకు ఉన్న ఫ్యాక్టరీ బూట్లు. ఆ కాలనీలో అలాంటి బూట్లు ఇంటికి తెచ్చుకునే ఆచారం లేదు. చేరిన రోజు ఫ్యాక్టరీలో ఇస్తారు, అక్కడే బీరువాలో పెడతారు, ఉద్యోగం ఊడినరోజే ఇంటికి మోసుకొస్తారు. ఇంటి గుమ్మంలో బూట్లు కనబడ్డాయంటే పొరుగువాళ్లు పలకరించడానికి వచ్చేస్తారు. తనిఖీ మేడం ముందు తళతళలాడుతూ నిలబడాలన్న ఆశతో అధికారి వాటిని సంచిలో చుట్టి రహస్యంగా ఇంటికి తెచ్చి, మెట్ల కింద కూర్చుని పాలిష్ చేసి, అక్కడే వదిలేశాడు.

ఆయన అత్తగారు, అంటే భార్య తల్లి, తడిబట్టల బక్కెట్టుతో మేడెక్కబోతూ వాటిని చూసింది. మెట్టు మీదే ఆగిపోయింది. ఆవిడ భర్త కూడా ఆ కొలిమి దగ్గర పనిచేసినవాడే. ఎప్పుడో ఒకసారి ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆయన ఇలాగే బూట్లు చంకలో పెట్టుకుని వచ్చి, గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఆ తర్వాత గడిచిన రోజులు ఆవిడకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

అయినా ధైర్యం చిక్కబట్టుకుని మేడెక్కి పొగగొట్టం వైపు చూసింది. ఆవిడ రోజూ చూస్తుంది. కాలనీలో అందరూ చూస్తారు. పొగ తూర్పుకు పోతే బట్టలు పడమటి పక్క ఆరేస్తారు. దట్టంగా వస్తే ఫ్యాక్టరీకి చేతినిండా పని ఉందని సంతోషిస్తారు, పల్చబడితే ఖర్చులు తగ్గించుకుంటారు. ఆ పూట గొట్టం ఉంది, ఆకాశం ఉంది, మధ్యలో పొగ లేదు.

బక్కెట్టు ఆవిడ చేతిలోంచి జారింది. "అమ్మాయ్! కొంప మునిగిందే!"

కూతురు పరుగెత్తుకొచ్చి చూసింది. పొద్దున భర్త అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. మళ్లీ చేసింది. అట్నుంచి ఆయన, ఎత్తితే ఎక్కడ రహస్యం కక్కేస్తానోనన్న భయంతో ఫోన్ గొంతు నొక్కేసి జేబులో వేసుకున్నాడు. ఇంకేం కావాలి రుజువు? అత్తగారు బూట్లు రెండూ చేతబట్టుకుని ఫ్యాక్టరీ గేటుకు బయల్దేరింది. ఆవిడ ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు. ఆ బూట్లు చూసినవాళ్లందరూ ముందు తలెత్తి గొట్టం వైపు చూశారు, తర్వాత పొయ్యి ఆర్పి ఆవిడ వెనక నడిచారు.

అదే సమయంలో లోపల అధికారి, జీవితంలో మొదటిసారి, తల పైకెత్తి హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. గొట్టం చివర ఆకాశం కడిగిన పలకలా ఉంది. ఇది నేను చేసిన పనే అనుకుంటే ఆయనకు కళ్లు చెమర్చాయి. ఆ సంతోషం కళ్లు తుడుచుకునేంతసేపు కూడా నిలవలేదు. ఫోర్‌మన్ ఆయాసపడుతూ వచ్చాడు.

"సార్, గేటు దగ్గర జనం! ఫ్యాక్టరీ మూసేశారట కదా?"

"ఎవరన్నారు?"

"మీ బూట్లు ఇంటికెళ్లాయటగా సార్, మీ అత్తగారే పట్టుకొచ్చారు. ఇంకా ఎవరైనా అనాలా?"

అధికారి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. చెప్పులు కనిపించాయి. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంతలో జేబులో ఫోన్ వణికింది. మేనేజరు. "ఏమయ్యా, ఆ జనం ఏంటి? తనిఖీ మేడం కారు దారిలో ఉంది! వాళ్లకు పొగ కావాలట. ఏదో ఒకటి పైకి పంపి ఇళ్లకు పంపించు!"

"సార్, అసలు విషయం చెప్పేస్తే?"

"పరీక్ష అని చెప్తే, తప్పితే ఏమవుతుందని అడుగుతారు. ఏం చెప్తావ్?"

అప్పుడాయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నీటి ఆవిరి ఉంది కదా! వట్టి నీళ్లే, అపకారం లేనిది, పరీక్షకు అడ్డురానిది, చూడ్డానికి పొగలాగే ఉండేది. వెళ్లి ఆవిరి వాల్వు తిప్పాడు. గొట్టంలోంచి తెల్లటి మబ్బు బుస్సుమంటూ లేచింది. ఇన్నాళ్లకు బుర్ర పనిచేసిందని అధికారి తన వీపు తానే తట్టుకున్నాడు.

గేటు బయట అందరూ తలలెత్తి ఆ మబ్బును చూశారు. తర్వాత ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు, నల్లగా వస్తే పొగ, తెల్లగా వస్తే కొలిమి ఆర్పడానికి నీళ్లు గుమ్మరించినట్టు. వెనకటిసారి మూసినప్పుడు చివరిగా కనబడింది ఆ తెల్ల మబ్బే.

"నీళ్లు పోసేశార్రా నాయనా!" అని అరిచాడు కార్మిక నాయకుడు. ఆయన్ని అందరూ మైకు బాబాయి అంటారు. మైకు ఆయనకు ఎన్నడూ అవసరం పడలేదు. ఆ కేక గోడ దాటి, యంత్రాల హోరు దాటి, కొలిమి దగ్గరున్నవాళ్ల చెవుల్లో పడింది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, మెల్లగా బూట్ల లేసులు విప్పసాగారు.

అధికారి లెక్క వేసుకున్నాడు. వీళ్లు కదిలితే కొలిమి ఆగుతుంది, కొలిమి ఆగితే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే ఫ్యాక్టరీ నిజంగానే మూతపడుతుంది. మూతపడిందని భయపడి అందరూ కలిసి మూయించేస్తున్నారు, మొదలుపెట్టింది మాత్రం తన బూట్లు!

మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. "తెల్లది కాదయ్యా, నల్లది! నల్ల పొగ కావాలి!"

"సార్, పొగ వస్తే పరీక్ష పోతుంది!"

"షిఫ్టు లేచిపోతే ఫ్యాక్టరీయే పోతుంది! రెండింట్లో ఏది పోతే నయమో నువ్వే తేల్చుకో!"

చదువుకున్న చదువంతా ఆ పొగను ఆపడానికే ఖర్చుపెట్టిన మనిషి, ఒక ఇనుప పీపా దొర్లించుకొచ్చి, యంత్రాలు తుడిచిన నూనె గుడ్డలు అందులో కుక్కి, పొగను పీల్చి గొట్టంలోకి పంపే పెద్ద మూత కింద పెట్టి, అగ్గిపుల్ల గీశాడు. తప్పు చేస్తున్నానని తెలుసు. అత్తగారి ముఖం గుర్తొచ్చి ఆ తప్పు చేశాడు.

గుడ్డలు భగ్గుమన్నాయి. కారునలుపు పొగ గిరగిరా తిరుగుతూ మూతలోకి పోయింది. ఆయన బయటికి పరుగెత్తి పైకి చూశాడు. గొట్టం మీద ఏమీ లేదు. లోపలికెళ్లి ఇంకో పీపాడు గుడ్డలు వేశాడు. బయటికొచ్చి చూశాడు. ఏమీ లేదు. పాత రబ్బరు పైపు ముక్కలు కూడా వేశాడు. ఆయన ఒళ్లంతా మసి అయింది కానీ గొట్టం మాత్రం పాలు తాగిన పసిపిల్లలా అమాయకంగా నిలబడింది.

అప్పటికి గుర్తొచ్చింది. మసి గొట్టం దాకా పోకుండా మధ్యలోనే పట్టేసే జల్లెడ సంచులు తను పెట్టించినవే. చిన్నవి చాలంటే వినకుండా, మేనేజరుతో పోట్లాడి, ఉన్నవాట్లో పెద్దవి తెప్పించాడు. అవి ఇప్పుడు ఆయన పొగను ఆయనకు దక్కనివ్వడం లేదు.

"కాస్త వదలవే తల్లీ!" అని ఆయన ఆ యంత్రానికి చేతులు జోడించే సమయానికి గేటు దగ్గర కారు హారన్ వినబడింది.

వెళ్లి చూసేసరికి తనిఖీ మేడం కారు జనం మధ్య ఇరుక్కుపోయి ఉంది. తాళం వేయడానికి వచ్చిన అధికారి ఈవిడేనని జనం తీర్మానించేసుకున్నారు. అత్తగారు కారు అద్దం మీద బూటుతో టకటకా కొడుతోంది. అద్దం దిగింది.

"ఏంటమ్మా మీ ఫిర్యాదు? ఫ్యాక్టరీ నుంచి పొగ ఎక్కువగా వస్తోందా?" అని మేడం అడిగింది. ఎక్కడికెళ్లినా జనం ఆవిడతో చెప్పేది అదే.

"ఎక్కువా? పొద్దుట్నుంచి చుక్క పొగ లేదు తల్లీ!" అంది అత్తగారు. "మేడ మీద నిలబడి చూశాను. పిసరంత లేదు!"

"నేనూ చూశాను!" "మా ఇంట్లో అందరం చూశాం!" "కిటికీ మీద మసి కూడా పడలేదండీ!" అని తలో దిక్కునుంచీ అరిచారు.

"మా కళ్లెదుట ఒక్క పాయ పొగ రాలేదు! కావాలంటే సంతకాలు పెడతాం!" అని మైకు బాబాయి రొమ్ము చరుచుకున్నాడు.

మేడం పెన్ను తీసి రాసుకోసాగింది. ఆవిడ ముఖంలోకి ఏదో కొత్త కళ వస్తోంది. అంతలో గేటు దాటి వస్తున్న అధికారి మీద చూపు పడింది. కాళ్లకు చెప్పులు, నెత్తి నుంచి నడుము దాకా మసి.

"ఈయనెవరు?"

"మా అల్లుడేనమ్మా," అంది అత్తగారు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. "పాపం, పొగ తెప్పించడానికి లోపల ఎంత పెనుగులాడాడో చూడండి. ఆయన వల్లా కాలేదు!"

మేడం కారు దిగి, నేరుగా పొగగొట్టం దగ్గరున్న కొలత యంత్రం ముందుకు నడిచింది. వెనకే ఆయన, ఆయన వెనక మేనేజరు. తెర మీద కర్బన వాయువు గీత పొద్దుట్నుంచి నేలబారుగా పాకి, చివర్లో చిన్న మూపురంలా లేచింది. సంచులు మసిని ఆపగలవు, వాయువును ఆపలేవు. ఆ సంగతి మన అధికారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఇదేమిటి?"

మేనేజరు పైకప్పు వైపు చూశాడు. అధికారి జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"అది కొలిమిది కాదు మేడం, నాది. జనం పొగ లేదని ఏడుస్తుంటే చూడలేక నూనె గుడ్డలు తగలబెట్టాను. తప్పు నాది. నా ఉద్యోగం తీసేయండి, కానీ కొలిమిని మాత్రం పరీక్షలో ఫెయిల్ చేయకండి. అది నిజంగానే పొగ మానేసింది. నేను బతిమాలినా వదల్లేదు."

మేడం వంగి ఆ మూపురాన్నీ, పక్కనున్న అంకెలనూ చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, నవ్వు ఆగలేదు.

"పొగ లేదని ఫ్యాక్టరీవాళ్లు ప్రమాణం చేయడం, ఉందని జనం తిట్టడం, ఇదే చూశానండీ నేను ఇన్నాళ్లూ. తగలబెట్టినా పొగ రాని ఫ్యాక్టరీని ఇప్పుడే చూస్తున్నా. ఆ మూపురం కలిపినా మీరు పరిమితి లోపలే ఉన్నారు," అని కింద సంతకం పెట్టేసింది.

మైకు బాబాయి ఆ కబురు కాలనీ చివరి ఇంటిదాకా వినబడేలా చెప్పాడు. లేసులు విప్పినవాళ్లు మళ్లీ కట్టుకున్నారు. భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఫోనెత్తితే మీ సొమ్మేం పోయింది?" అని కొంగుతో ఆయన ముఖం మీది మసి తుడిచింది. అత్తగారు బూట్లు ఆయన చేతిలో పెట్టి, ఖాళీ గొట్టం వైపు చూసింది.

"అయితే రేపట్నుంచి బట్టలు ఏ పక్క ఆరేయాలి అల్లుడుగారూ?"

"ఎటైనా ఆరేయొచ్చు అత్తయ్యగారూ," అన్నాడాయన.

సర్టిఫికెట్‌ను మేనేజరు అద్దం కట్టించి, గేటు దగ్గర అందరికీ కనబడేలా తగిలించాడు. దాని అడుగున తనిఖీ మేడం స్వయంగా రాసిన వాక్యం ఒకటి ఇప్పటికీ ఉంది: "పరీక్ష సమయంలో వెలువడిన ఒకే ఒక్క పొగకు పూర్తి బాధ్యత పర్యావరణ విభాగానిది."