నాలుగు గంటల క్లిప్పు

వీడియోల్లోంచి క్లిప్పులు తీసే సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వమే స్వయంగా ఎంపిక చేస్తుందని ప్రచార శాఖ మంత్రిగారు ప్రకటించగానే మా ఆఫీసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కూర్చుని కొట్టే స్థాయి ప్రకటన కాదది.

అసలు అవసరం మా వీడియో ఆపరేటరక్కది. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. నెలాఖరుతో గడువు అయిపోతుంది. మొన్నటి సభలో మంత్రిగారు నాలుగు గంటలు మాట్లాడుతూ, మూడో గంటలో కెమెరా వైపు చెయ్యి చూపించి, "ఆ వీడియో తీస్తున్న అమ్మాయిని పర్మనెంట్ చేస్తున్నా!" అన్నారు. ఆ క్లిప్పు ఫైలుకు జత చేస్తే ఆర్డరిస్తామని డైరెక్టరుగారు సెలవిచ్చారు.

"రెండు నిమిషాల పని సార్. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, నేనే కట్ చేసిస్తా" అంది అక్క.

డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. "మంత్రిగారి మాటని ఫ్రీగా కట్ చేస్తావామ్మా? కమిటీ వేద్దాం."

కమిటీలో ఏడుగురు. మినిట్స్ రాసేది నేను. ఎంత నిష్ఠగా పనిచేశారంటే, మూడు వారాలు సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండానే చర్చించారు. చివరికి మంత్రిగారి సమక్షంలో పరీక్ష. అదే ప్రసంగం ఎక్కించి, 'ముఖ్యమైన మాటలు మాత్రమే తియ్యి' అని ఆదేశించారు.

మొదటి సాఫ్ట్‌వేర్ ఆరు సెకన్ల క్లిప్పు ఇచ్చింది. అందులో మంత్రిగారు "మైకు పనిచేస్తోందా?" అని అడుగుతున్నారు.

"దీన్ని తయారుచేసింది ప్రతిపక్షం వాళ్లే" అన్నారు మంత్రిగారు.

రెండోది ముప్పై సెకన్లు ఇచ్చింది. అన్నీ చప్పట్లే. బాగుంది గానీ మంత్రిగారు కనబడలేదు.

మూడోది గంటసేపు గిర్రున తిరిగి, నాలుగు గంటల ప్రసంగాన్నీ ఉన్నదున్నట్టు తిరిగిచ్చేసింది.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "తెలివంటే ఇదీ!"

"సార్, ఇది అసలు కట్ చెయ్యట్లేదు కదా?" అంది అక్క, ఉండబట్టలేక.

"అక్కర్లేని మాట ఒక్కటైనా ఉంటేగా అమ్మా, కట్ చెయ్యడానికి!" అన్నారు డైరెక్టరుగారు. ఏడుగురూ సంతకాలు పెట్టేశారు.

నెలాఖరున అక్కకు ఆర్డరొచ్చింది. సాఫ్ట్‌వేర్ వచ్చినందున వీడియో ఆపరేటర్ అవసరం లేదని. చదువుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుంది. కెమెరా ఎలా ఆన్ చెయ్యాలో నాకు ఓపిగ్గా చూపించి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం. కెమెరా స్టాండు మీద పెట్టి, ఆన్ చేసి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. మంత్రిగారు అద్భుతంగా మాట్లాడారు. మూడో గంటలో కెమెరా వైపు చెయ్యి చూపించారు.

"ఆ వీడియో తీస్తున్న అమ్మాయిని పర్మనెంట్ చేస్తున్నా!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డైరెక్టరుగారు నా చెవిలో, "ఆ క్లిప్పు ఫైల్లో పెట్టించండి" అన్నారు. నేనూ నిలబడే కొట్టాను. నాదీ టెంపరరీయే.