మార్డర్ చేయని నేరం

బుధవారానికి అన్నెగ్రెట్ వేసుకున్న పథకం చిన్నది. పదింటికి మెకానిక్ ఒట్మార్ షెడ్డుకు వచ్చే తనిఖీ అధికారికి కారు చూపించి, అది రోడ్డెక్కడానికి తగినదేనని స్టిక్కర్ వేయించుకోవాలి. మర్నాడు చంటివాడిని ఉల్మ్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ అపాయింట్‌మెంట్ కోసం నాలుగు నెలలు కాచుకుంది. పాత స్టిక్కర్ గడువు బుధవారంతోనే సరి. వాళ్ల ఊరికి బస్సు లేదు.

తాళం తిప్పగానే బ్రేకుల్లో లోపం ఉందని చెప్పే ఏబీఎస్ పసుపు దీపం వెలిగింది, ఆరలేదు. అది వెలుగుతుంటే స్టిక్కర్ ఇవ్వరు.

మామగారు ఎబర్‌హార్ట్ కిటికీలోంచే తీర్పు చెప్పాడు. "మార్డరే. నేను ముందే చెప్పలా?"

మార్డరంటే ఇంజన్లలో దూరి తీగలు కొరికే, ముంగిసలాంటి జంతువు. బానెట్ మీద దాని కాలిగుర్తులు చూసినప్పటి నుంచి ఆయనకు కునుకు లేదు. అది బెదరాలని ఇంజన్ పక్కన కుక్కవెంట్రుకల మూట పెట్టాడు. మార్డర్ వాసన పోవాలని శనివారం హైప్రెషర్ పంపుతో ఇంజనూ, చక్రాల లోపలా రెండు గంటలు కడిగాడు. ఆ తర్వాత కారు ఎవరూ తీయలేదు.

ఇప్పుడు ఇంటి చెప్పులతోనే పక్కింటికి వెళ్లి, పిల్లి గిన్నె బయటపెట్టి మార్డర్‌ను మేపుతున్నావంటూ హెడ్‌విగ్ మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడంటే ఒట్మారే, ఊళ్లో ఉన్న ఏకైక మెకానిక్. షెడ్డు దగ్గర అతను కారువైపు చూడనైనా చూడలేదు.

అన్నెగ్రెట్ చంటివాడిని చంకనేసుకుని అతని ముందు నిలబడింది. "మా మామయ్య నోటికి నా కొడుకు చెవి పోవాలా?"

ఒట్మార్ గొణుక్కుంటూ కారుకు లోపాలు చదివే యంత్రం తగిలించాడు. ఎడమ ముందు చక్రం నుంచి వేగం కబురు అందడం లేదని తేలింది. మీటరు పెట్టి చూస్తే సెన్సర్ బాగానే ఉంది. తీగంతా తడిమాడు, ఒక్క పంటిగాటూ లేదు. సెన్సర్ తీగ ప్లగ్గు ఊడదీస్తే నీళ్లు కారాయి. లోపల పచ్చటి చిలుము.

"ఇక్కడ హైప్రెషర్‌తో ఎవరు కడిగారు?"

వెనకే వచ్చిన ఎబర్‌హార్ట్ షెడ్డు కప్పును పరీక్షగా చూడసాగాడు.

"చెప్పండి మామయ్యా," అంది అన్నెగ్రెట్. "మార్డర్ కడిగిందా?"

ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించి, కారు కాస్త దూరం నడిపి తెచ్చేసరికి దీపం ఆరిపోయింది. అధికారి బానెట్ ఎత్తాడు. కుక్కవెంట్రుకల మూట పరుపులా నలిగి ఉంది, మధ్యలో కోడిగుడ్డు పెంకు. మార్డర్ వచ్చి, పడుకుని, తిని, తీగల జోలికి పోకుండా వెళ్లింది.

స్టిక్కర్ పడింది. ఎబర్‌హార్ట్ క్షమాపణ చెప్పుకోవడానికి హెడ్‌విగ్ తలుపు తట్టాడు. సాయంత్రం అన్నెగ్రెట్ పంపు ఉన్న గదికి కొత్త తాళం వేసింది, మార్డర్ కోసం కాదు.