ఏడాదికొక్క తన్ఖా

నెలనెలా జీతం ఇవ్వడమంత దుర్మార్గం ఈ లోకంలో మరొకటి లేదని మనవి చేసుకుంటున్నాను.

నవ్వకండి! మీరు నెల జీతగాళ్ళయితే అసలే నవ్వకండి. ఒకటో తారీఖున రాజు, పదో తారీఖున బంటు, ఇరవయ్యో తారీఖున బిచ్చగాడు. నెలకు మూడు జన్మలెత్తే మనిషికి నిలకడ ఎక్కడినుంచి వస్తుంది? రైతును చూడండి. పంట ఏడాదికొకసారి. జాతర ఏడాదికొకసారి. చింతపండు కూడా ఏడాదికొకసారే కొంటాం గదా! ఒక్క పంతులు తన్ఖాకే పన్నెండు పండుగలెందుకు?

ఇది గాలివాదం కాదు. పదకొండు నెలలు నేను స్వయంగా సాధన చేసి చెబుతున్నాను.

1958 జూన్‌లో నన్ను కరీంనగర్ జిల్లా నుంచి ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ చేశారు. ఉట్నూరుకు అవతల, అడవి అంచున, దొంతివాగు అనే ఊరు. ఒక గది బడి, ఒక్క పంతులు. అంటే హెడ్మాస్టరును నేనే, అసిస్టెంటును నేనే, గంట కొట్టేదీ నేనే. నా పేరు అంబదాస్. మాది మగ్గం ఇల్లు. గుంటలో కూర్చొని నేస్తే కడుపు నిండదని, కుర్చీలో కూర్చోవడానికి చదువుకున్నవాణ్ణి. నా వెంట నా భార్య కమలవ్వ, నాలుగేళ్ళ బిడ్డ బాలలక్ష్మి, ఒక ట్రంకుపెట్టె.

జులై ఒకటిన తన్ఖా కోసం ఎనిమిది మైళ్ళు నడిచి ఉట్నూరు ఆఫీసుకు పోయాను. అక్కడ హెడ్ క్లార్కు సిద్దిరాములు గారు. ఇస్త్రీ మడత చెదరని మనిషి.

"పంతులు, నీ లాస్ట్ పే సర్టిఫికెట్ ఏది?" అని అడిగారు.

అది నా పాత ఆఫీసువారు పంపవలసిన కాగితం. ఈ మనిషికి చివరిసారి ఇంత ఇచ్చాం, ఇకమీద మీరు ఇచ్చుకోండి అని దాని సారాంశం.

"ఇంక రాలేదా సారు?"

"రాలే. అది రాకుంటే నీకు ఎంతియ్యాల్నో నాకెట్ల తెలుస్తది?"

"నేను చెప్త గద సారు. అరవై రెండు రూపాయలు."

ఆయన నన్ను జాలిగా చూశారు. "నువ్వు చెప్తే నువ్వు చెప్పినట్టయితది పంతులు. కాయిదం చెప్పినట్టయితదా?"

ఎంత గొప్ప మాట! మనిషి అబద్ధమాడగలడు. కాగితం ఆడలేదు, ఎందుకంటే కాగితం రానే రాలేదు. ఆగస్టు ఒకటిన పోయాను. రాలేదు. సెప్టెంబరు ఒకటిన పోయాను. రాలేదు. పాత ఆఫీసుకు ఉత్తరం రాస్తే, పంపి ఎన్నో రోజులైందని జవాబొచ్చింది. నెలకు పదహారు మైళ్ళ నడక! పట్నంలో డాక్టర్లు దీనికే ఫీజు తీసుకుని సలహా ఇస్తారట. నాకు సర్కారు ఉచితంగా ఇచ్చింది.

రెండోసారి ఉత్తచేతులతో వచ్చిన నాడే కమలవ్వ ఇంటి లెక్క మార్చేసింది. ఒకటో తారీఖు లేని ఇంటికి నెల బడ్జెట్ దండగ అని తేల్చి, ఏడాది బడ్జెట్ ప్రకటించింది. చాయ్ రద్దు. దీపం రద్దు; పొద్దుండగానే తినడం. సబ్బుకు బదులు కుంకుడు. వరి బువ్వ దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి. నా చెప్పులు నడిచేటప్పుడు చేతిలో, ఆఫీసు గడపలో కాళ్ళకు. అప్పు మాత్రం చేయగూడదంది. దేశంలో ఏ మంత్రికైనా ఇంత ధైర్యముందా?

"ఖర్చు సరే. మరి రాబడి?" అన్నాను.

"రేపటిసంది అంతయ్య పటేలు చేన్ల కలుపుకు పోతున్న."

అంతయ్య ఊరి పెద్ద రైతు. ఆయన కొడుకు నా బడిలోనే చదువుతున్నాడు.

"పంతులు పెండ్లాం కలుపుకు పోతే ఊరు ఏమంటది?"

"ఏమంటది? కలుపు మంచిగ తీసిందా లేదా అంటది."

"నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ నువ్వు బళ్లె పెట్టుకో. పొయ్యి మీద పెడితె ఉడకది."

పోయింది. సాయంత్రం నడుం పట్టుకుని వచ్చింది. కొంగులో జొన్నలు. ఆ రోజు ఆ జొన్నలు ఉడికించిన గటక తింటూ నేను తల ఎత్తలేదు. గటక మాత్రం రెండోసారి పెట్టించుకున్నాను.

నేనూ ఊరికే కూర్చోలేదు లెండి. ఊళ్ళోవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. అర్జీకి సోలెడు జొన్నలు. విచిత్రమేమంటే, ఆ ఏడాది నేను రాసిన అర్జీలన్నిటికీ సర్కారు నుంచి జవాబులొచ్చాయి. పట్టాకు ఒకరికి, బావికి ఒకరికి. నా కోసం నేను రాసుకున్న ఏడింటికి తప్ప! నా దస్తూరీలో మహిమ ఉంది గాని, నాలో లేదని తెలుసుకున్నాను. ఇంత ఆత్మజ్ఞానం నెల జీతగాడికి కలుగుతుందా?

కార్తీకంలో జొన్న కంకి పాలు పోసుకుంది. చిలుకలు మందలు మందలుగా దిగుతున్నాయి. అంతయ్య పటేలు బడికొచ్చి తలగోక్కున్నాడు.

"పంతులూ, కావలికి మనుషులు దొరుకుతలేరు. నీ పోరగాండ్లు లెక్కలు గంతగనం మొత్తుకుంటరు గద. గా మొత్తుకునుడేదో నా చేన్ల మొత్తుకోరాదుండ్రి?"

పదిహేను రోజులు బడి అంతయ్య చేనులో నడిచింది. నేను మంచె మీద, పిల్లలు చుట్టూ గట్ల మీద. "పదమూడు ఒకట్ల పదమూడు!" అని ముప్పై గొంతులు అరిస్తే, చిలుకలు ఆదిలాబాద్ దాకా ఆగలేదు. పిల్లలకు ఇరవయ్యో ఎక్కం దాకా నోటికొచ్చింది. నాకు కుంచెడు జొన్నలొచ్చాయి. విద్యాశాఖ చరిత్రలో ఒక పంతులు చెప్పిన లెక్క ఎవరికైనా ఇంత నేరుగా పనికొచ్చిందా, చెప్పండి!

జనవరిలో బాలలక్ష్మికి చలిజ్వరం పట్టుకుంది. రెండు రోజులు పసరు మందు పోశాం. మూడో రోజు పిల్ల కళ్ళు తేలేసింది. అంతయ్య బండి కట్టించాడు. రోడ్డు దాకా బండిలో, అక్కడినుంచి బస్సులో మంచిర్యాల పోవాలి. మందుకు డబ్బు కావాలి.

కమలవ్వ కాళ్ళకు పెళ్ళినాటి వెండి కడియాలుండేవి. కదిలే బండిలోనే తీయడం మొదలుపెట్టింది. పదేళ్ళుగా కాళ్ళకున్నవి, రాలేదు. ఆముదం రాసి గుంజింది. ఒకటి వచ్చింది. రెండోది చర్మం గీరుకుని వచ్చింది. నా ముఖం చూడకుండా నా ఒళ్ళో పెట్టింది.

పిల్ల బతికింది. వారం తర్వాత లేచి జొన్నరొట్టె అడిగింది.

ఇక్కడ కూడా ఏదో ఒక లాభం చూపించాలని చాలా ప్రయత్నించాను. దొరకలేదు. ముందుకు పోదాం.

మే ఒకటిన ఆఫీసుకు పోతే సిద్దిరాములు గారు లేచి నిలబడ్డారు. "పంతులు, నీ కాయిదం దొరికింది!"

"ఎన్నడొచ్చింది సారు?"

"పోయిన జూన్ ఇరవైన."

అంటే నేను మొదటిసారి వచ్చిన నాటికే ఆ కవరు ఆయన వెనక బీరువాలో ఉంది. దాని మీద "ప్రధానోపాధ్యాయులు, దొంతివాగు బడి" అని రాసి ఉంది.

"నీ పేరు మీది కవరు నేనెట్ల విప్పుత? నేరం గాదా?" అన్నారాయన.

"విప్పకుంటే విప్పకపోతిరి. నాకియ్యరాదా సారు? పది సార్లు వస్తి!"

"ఇయ్యాల్నంటే టపా రిజిస్టర్‌ల హెడ్మాస్టర్ సంతకం గావాలె. ఆ సంతకం నీదే అని నాకు రుజువేది? తన్ఖా బిల్లు మీది సంతకంతోని పోల్చి సూడాలె. నీకు తన్ఖా బిల్లే గాలే గద పంతులు!"

పాఠకులారా, దీన్ని నెమ్మదిగా ఇంకోసారి చదువుకోండి. ఎక్కడైనా తప్పుందా? లేదు! గానుగ కూడా ఇంత గుండ్రంగా తిరగదు.

ఇప్పుడు దాన్ని ఎలా విప్పారంటే, వేసవి సెలవులకు ముందు బీరువా దులుపుతుంటే ఎలుక కొరికిన కవర్లలో అదొకటి కనిపించిందట. ఎలుక విప్పిన కవరు చదవడం నేరం కాదట. ఆ ఎలుకకు నా నమస్కారాలు.

పదకొండు నెలల బిల్లు పైకి పోయింది. పది రోజుల్లో తిరిగొచ్చింది, ఒక మెమోతో సహా. "సదరు ఉపాధ్యాయుడు పదకొండు నెలలు జీతము లేక జీవించినట్లు రికార్డు వలన తెలియుచున్నది. ఇతనికి ఇతర ఆదాయము కలదని అనుమానింపవలసి యున్నది. ఏ విధముగా జీవించెనో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. అంతవరకు బిల్లు నిలుపుదల."

బతికినందుకు సంజాయిషీ! దేశంలో పొదుపు చేసినవాళ్ళకు మెచ్చుకోళ్ళుంటాయని విన్నాను గాని, ఇంత శ్రద్ధగా విచారిస్తారని తెలియదు.

ఇంటికొచ్చి కమలవ్వకు చదివి వినిపించాను. జవాబు రాయబోతే చెయ్యి ఆడలేదు. కలుపు కూలి అని రాస్తే ఆమె పరువు, మంచె అని రాస్తే నా ఉద్యోగం, అంతయ్య అని రాస్తే ఆయనకు నోటీసు.

"ఎందుకు పరేషానైతవ్? నువ్వు రాయకు," అంది కమలవ్వ. "ఎట్ల బతికినమో నేను పోయి చెప్పొస్త."

మర్నాడు పిల్లను చంకనేసుకుని, నెత్తిన ఒక కుండ పెట్టుకుని ఎనిమిది మైళ్ళు నడిచింది. నేను వెనక నడిచాను. ఆఫీసు వరండాలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది.

సిద్దిరాములు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏంది చెల్లె ఇది? ఇది సర్కార్ కచేరి!"

"ఎట్ల బతికిన్రో చెప్పుమన్నరట గద సారు. నోటితోని చెప్తే మీరు నమ్మరాయె. అందుకే చేసి సూపెడుతున్న."

"రాసియ్యాలె గని, గిట్ల వండుడేంది?"

"నాకు రాయరాదు సారు. వండొస్తది."

ఆయన గొంతు తగ్గించారు. "నా మాటిను. నీ మీద, పంతులు మీద నాకేం కోపం లేదు. అడిగింది కాయిదం."

"మరి మేం సచ్చిపోతే? అప్పుడు గా కాయిదానికి సంబురమైతుండెనా?"

సిద్దిరాములు గారు నిజంగానే ఆలోచించారు. "సస్తే దానికి వేరే ఫారం ఉంటది చెల్లె. దానికి గూడ లాస్ట్ పే సర్టిఫికెట్ గావాలె."

మూడు రోజులు వండింది. జొన్న గటక, అందులో ఉడికించిన ఇప్పపువ్వు. పొగ కిటికీల్లోంచి లోపలికి పోయేది. గుమాస్తాలు దగ్గుతూ రాసేవారు. మూడో రోజు పై అధికారి జీపులో దిగారు.

"ఏమిటీ పొగ?" అని గర్జించారు.

సిద్దిరాములు గారు నిటారుగా నిలబడి, "సంజాయిషీ సార్," అన్నారు.

అధికారి కుండలోకి చూశారు. పిల్లను చూశారు. కమలవ్వ కాళ్ళ మీద కడియాలుండిన చోట తెల్లగా మిగిలిన గుర్తులు చూశారో లేదో నాకు తెలియదు. లోపలికి పోయి ఫైలు మీద రెండు వాక్యాలు రాశారు. "సంజాయిషీ తృప్తికరముగా నున్నది. వంట ఆపించవలెను."

వారం తిరిగేసరికి డబ్బొచ్చింది. పదకొండు నెలలది ఒక్కసారే. కమలవ్వ పట్టుబట్టి, పిల్లను ఎత్తుకుని నాతో ఆఫీసుకు వచ్చింది. నోట్లు కొంగున ముడివేసుకుని లేస్తుంటే సిద్దిరాములు గారు తలుపు వైపు చూసి, మెల్లగా పిలిచారు.

"చెల్లె, గటకల ఏదో తియ్యటి వాసనొచ్చేది కలిపినవు. అది అంగట్ల దొరుకుతదా?"

"ఇప్పపువ్వు సారు. అడివిల ఉత్తగనే రాలుతది, ఏరుకొచ్చి ఎండబెట్టుకోవాలె. తన్ఖా ఎత్తుకునెటోళ్ళకు మీకెందుకది?"

ఆయన కలం మూత బిగించారు.

"నేను గూడ బదిలీ మీదనే వచ్చిన. పంతులు కన్న నెల ముంగట. ఇప్పటిదాక అత్తగారింటి బియ్యంతోని నడిచింది. మొన్నటిసంది అదీ బందైంది."

కమలవ్వే అడిగింది. "మీ కాయిదం గూడ రాలేదా సారు?"

"వచ్చింది. ముద్ర సక్కగ పడలే. వాపస్ పంపిన."

"ఎవ్వలు పంపిన్రు?"

"నేనే."

"మీ సొంత కాయిదాన్నా?"

"రూలు రూలే గద చెల్లె."

కమలవ్వ దారిలో తినడానికి తెచ్చుకున్న మూటలోంచి దోసెడు ఎండు ఇప్పపువ్వు తీసి బల్ల మీద పోసింది. "నానబెట్టి ఉడికియ్యుండ్రి. పిల్లలు తింటరు," అంది. ఆయన దాన్ని సొరుగులోకి ఊడ్చుకుని తాళం వేశారు.

ఇద్దరం తిరుగుదారి పట్టాం. పదకొండు నెలలుగా ఆయన కోసం దాచిపెట్టుకున్న తిట్లు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిని ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు.

"ఇగ ఎవ్వల్ని తిట్టాలె?" అని అడిగాను.

కమలవ్వ పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "గా రూలు ఎవ్వడు రాసిండో వాన్ని దొర్కబట్టు. ఒక్క వానకాలం నా వెంట కలుపుకు తోలు. కూలి మాత్రం ఏడాదైనంక ఇద్దాం."

ఏడాదికొక్క తన్ఖాకు ఇంతకన్న మంచి మొదలు నాకు తోచలేదు. ఆమె సిఫారసును ఒక్క అక్షరం మార్చకుండా సర్కారు వారికి ఈ పత్రిక ద్వారా పంపుకుంటున్నాను.